రాయి మీద లేని మాట

తిమోతికి సమాధుల దొడ్లోకి వెళ్ళాలంటే సిగ్గు. పోయినవాళ్ళంటే భయమేమీ లేదు. వాళ్ళ రాళ్ళ మీదున్న ఇంగ్లీషంటేనే సిగ్గు.

మాది దివిసీమలో కాలవ గట్టున ఉన్న చిన్న సంఘం. ఎప్పుడో దొరలు కట్టిన చర్చి, దాని వెనకాల సమాధుల దొడ్డి. దొరల సమాధుల మీద ఇంగ్లీషులో రాసుంది కాబట్టి రాయంటే ఇంగ్లీషులోనే ఉండాలని మావాళ్ళ బుర్రలో పడిపోయింది. బతికున్నన్నాళ్ళూ తెలుగులో తిట్టుకుని తెలుగులో ఏడ్చినవాళ్ళు, పోయాక మాత్రం ఇంగ్లీషు కింద పడుకుంటారు. ఎవరికి తోచిన ఇంగ్లీషు వాళ్ళు చెక్కించారు. ‘ఫాదర్ ఆఫ్ సిక్స్ చిల్డ్రన్ అండ్ ఆల్సో డెడ్’ అని ఒకాయన మీద ఉంది. ‘షి వాజ్ స్లెప్ట్ ఇన్ ది లార్డ్ బై జాండిస్’ అని ఇంకో ఆవిడ మీద. మేం ఎవరం ఎప్పుడూ నవ్వలేదు. నవ్వడానికి తెలిస్తే కదా!

తిమోతి ఇంగ్లీషు ఎమ్మే. ఆ పైన పాదిరీ చదువు కూడా చదివి, తల మీద చేతులుంచి పాదిరీగా అభిషేకం చేసే ముందు మా చర్చి అయ్యగారి దగ్గర పని నేర్చుకుందామని వచ్చాడు. మేం చిన్నయ్యగారని పిలిచేవాళ్ళం. మనిషి మంచివాడు. ఎవరింట్లో జ్వరమన్నా ముందు తనే పరిగెత్తేవాడు. తప్పు ఇంగ్లీషు కంటబడితే మాత్రం చెప్పులో గులకరాయి పడ్డట్టు, ఇక అడుగు ముందుకు పడదు.

ఒకసారి అతని స్నేహితులు పట్నం నుంచి వచ్చారు. దొడ్డంతా తిరిగి రాళ్ళకి ఫోటోలు తీసుకుని, పొట్టలు పట్టుకుని నవ్వారు. తిమోతి కూడా నవ్వాడు. వాళ్ళు బస్సెక్కి వెళ్ళాక, నవ్వినందుకు తనని తనే తిట్టుకున్నాడు. ఆ సాయంత్రమే అయ్యగారి దగ్గరికి వెళ్ళాడు.

మా అయ్యగారి పేరు కృపావరం. అప్పటికే పెద్దవారు. కళ్ళు మసకలు, చేతులు వణుకు. అయినా రోజూ సాయంత్రం చర్చి వసారాలో మా పిల్లలకి ఇంగ్లీషు చెప్పేవారు.

“అయ్యగారూ, ఇకనుంచి రాళ్ళ మీద రాయించే మాటలు నేను చూస్తానండీ. తప్పులుంటే సరిచేసి రాళ్ళు చెక్కే షాపుకి పంపిస్తాను. చనిపోయినవాళ్ళ మీద జనం నవ్వడం నేను చూడలేకపోతున్నాను” అన్నాడు.

అయ్యగారు ముక్కాలిపీట మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నారు.

“మంచిదే. దిద్దు” అన్నారు. “దిద్దాక, షాపుకి పంపే ముందు ఆ మనుషులకి ఒక్కసారి చదివి వినిపించు.”

“వాళ్ళకి ఇంగ్లీషు రాదు కదండీ.”

“రాదు. అయినా వినిపించు.”

మొదట్లో వినిపించాడు పాపం. ఒక మామ్మ తన పెనిమిటి రాయికి ‘హి వాజ్ గుడ్ హ్యాబిట్ మ్యాన్’ అని ఎవరి చేతో రాయించుకొస్తే, దాన్ని ‘ఎ మ్యాన్ ఆఫ్ గుడ్ హ్యాబిట్స్’ అని మార్చి, ఆవిణ్ణి కూర్చోబెట్టి చదివాడు. ఆవిడ తలాడించి, “మీరెలా అంటే అలా బాబూ, నాకేం తెలుసు” అని లేచి వెళ్ళిపోయింది. తరవాతివాళ్ళూ అంతే. ఈ వినిపించడం వట్టి కాలహరణం అనిపించి, తిమోతి మెల్లగా మానేశాడు. ఎవరూ అడగలేదు. కొత్త రాళ్ళు చక్కటి ఇంగ్లీషుతో వస్తున్నాయి. అయ్యగారు కూడా ఒక రాయి చదివించుకుని, “బాగుందిరా, నిండుగా ఉంది” అని మెచ్చుకున్నారు. మెప్పు నిజంగానే ఇచ్చారు, అందులో వంకేమీ లేదు.

అలా ఉండగా ఏసుపాదం పోయాడు.

ఏసుపాదం సంతోషమ్మ కొడుకు. ఒక్కడే కొడుకు. సంతోషమ్మ రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేసేది. ఐసులో నానీ నానీ వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉండేవి. పెనిమిటి ఎప్పుడో పోయాడు. ఆ పిల్లాడే ఆవిడకి ఇల్లూ వాకిలీ.

అయ్యగారి క్లాసులో ఒక పద్ధతుంది. తప్పైనా సరే, ఇంటి దగ్గర కూడా ఇంగ్లీషులోనే మాట్లాడాలి. మిగతా పిల్లలు వసారా దిగగానే మర్చిపోయేవాళ్ళు. ఏసుపాదం మాత్రం మర్చిపోలేదు. పొద్దున గడప దాటేటప్పుడు, ‘వెళ్ళొస్తానమ్మా’ అన్న మాటని మక్కికి మక్కీ ఇంగ్లీషులో పెట్టి, “మదర్, ఐ గో అండ్ కమ్” అని అరిచేవాడు. మొదటిసారి సంతోషమ్మ బిత్తరపోయింది. “ఏంట్రా ఆ కూత?” అంది. వాడు అర్థం చెప్పాడు. జవాబు కూడా నేర్పాడు. ఇక రోజూ ఇదే తంతు. వాడు గుమ్మంలోంచి “ఐ గో అండ్ కమ్” అనడం, ఈవిడ పొయ్యి దగ్గర్నుంచి “గో అండ్ కమ్, నాన్నా” అనడం. షెడ్డులో ఆడవాళ్ళు ఆవిణ్ణి ‘ఏం దొరసానమ్మా’ అని ఆటపట్టించేవాళ్ళు. ఆవిడ మురిసిపోయేది. ఆవిడకి వచ్చిన ఇంగ్లీషు మొత్తం అంతే.

తిమోతి ఒకసారి క్లాసులో ఏసుపాదానికి ఈ మాట దిద్దాడు కూడా. “అలా అనకూడదు. గుడ్ బై అనాలి.”

“బయట అలాగే అంటానండీ” అని ఏసుపాదం సిగ్గుపడుతూ నవ్వాడు. “అమ్మ దగ్గర నోటికి రాదండీ.”

విజయవాడలో ఒక పెద్ద హోటల్లో కుర్రాళ్ళు కావాలన్నారని, ఇంటర్వ్యూకి బయల్దేరాడు. ఇస్త్రీ చేసిన చొక్కా, అయ్యగారి దగ్గర అడిగి తెచ్చుకున్న బూట్లు. గుమ్మంలో నిలబడి ఎప్పటిలాగే అరిచాడు. ఆవిడ ఎప్పటిలాగే జవాబిచ్చింది. హైవే మీద వాడెక్కిన ఆటోని లారీ గుద్దేసింది. మధ్యాహ్నం కూడు వేళకి ఊళ్ళోకి కబురొచ్చింది. ఆ రోజు సంగతి ఇంకేం చెప్పను. కాలవ గట్టు పొడుగూతా ఒక్క ఇంట్లో పొయ్యి వెలగలేదు.

వాడి సమాధి రాయిని షెడ్డు ఆడవాళ్ళంతా కలిసి పెట్టిస్తామన్నారు. పని దిగాక సంతోషమ్మ చర్చి మెట్ల దగ్గరికి వచ్చింది. ఒంటి మీద రొయ్యల వాసన ఉందని పైకి రాలేదు, కిందే నిలబడింది.

“చిన్నయ్యగారూ, రాయి మీద ఎక్కువేం వద్దండీ. వాడి పేరు, వాడన్న మాట. అంతే.”

“ఏ మాటమ్మా?”

“గో అండ్ కమ్.” అని, మళ్ళీ గుర్తొచ్చినట్టు, “ముందు ‘మదర్’ కూడా పెట్టండి. నన్నే అన్నాడు గదా” అంది.

తిమోతి గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాడు. ఏడ్చాక కూర్చుని ఆ మాట ముందు పెట్టుకున్నాడు. తన స్నేహితులు మళ్ళీ వస్తే ఏమంటారు? పిల్లాడి రాయి ముందు నిలబడి పొట్టలు పట్టుకుంటారు. ఏసుపాదం మీద ఎవరైనా నవ్వితే తను భరించలేడు. అందుకని ఎంతో ప్రేమగా, ఒక్కో మాటా ఏరి, ఇలా రాశాడు. ‘ఫేర్‌వెల్, బిలవెడ్ మదర్. ఐ హావ్ గాన్ టు మై రెస్ట్.’ ప్రియమైన అమ్మా, ఇక సెలవు, నేను నా విశ్రాంతికి వెళ్ళిపోయాను అని. తప్పు లేదు. మాటకి మాట అతికినట్టుంది.

సంతోషమ్మకి వినిపించాలన్న సంగతి అతనికి గుర్తుంది. ఎందుకులే మళ్ళీ ఏడిపించడం అనుకున్నాడు. షాపుకి పంపించేశాడు.

సమాధుల పండగ ముందురోజు రాయి వచ్చింది. నల్లరాయి, నున్నగా, అందంగా ఉంది.

ఆ పండగ మా దగ్గర పెద్దది. పొద్దున్నే గడ్డి పీకి, సున్నం కొట్టి, అక్షరాలకి రంగు పూస్తాం. పొద్దు వాలే వేళకి బంతిపూలు పరిచి కొవ్వొత్తులు వెలిగిస్తాం. అప్పుడు అయ్యగారు ఒక్కొక్క రాయి దగ్గర ఆగి, దాని మీదున్నది పైకి చదివి ప్రార్థన చేస్తారు. మాలో చాలామందికి చదువు లేదు. ఏడాదికొక్కసారి మావాళ్ళ రాయి మాట మా చెవిన పడేది అప్పుడే. ఆ మాట విని, కడుపు నిండా ఏడ్చి, ఇంటికొచ్చి అన్నం తింటాం.

ఆ ఏడు అయ్యగారికి అక్షరాలు అస్సలు ఆనడం లేదు. చదివే పని తిమోతికి అప్పజెప్పి, పక్కన కర్ర పట్టుకుని నడిచారు.

సంతోషమ్మ ఆ రోజు సున్నిపిండితో చేతులు రుద్ది రుద్ది కడుక్కుని వచ్చింది. షెడ్డు ఆడవాళ్ళందర్నీ వెంటబెట్టుకొచ్చింది. “ఇవాళ మావాడి మాట చదువుతారే” అని అందరికీ చెప్పిందట.

తిమోతి రాయి ముందు నిలబడ్డాడు. గొంతు సవరించుకుని చదివాడు. బాగా చదివాడు. ఇంగ్లీషు చదవడంలో అతనికి అతనే సాటి.

సంతోషమ్మ చేతులు జోడించి, తల కాస్త పక్కకి వంచి నిలబడే ఉంది. ఇంకా రావలసింది ఉన్నట్టు చూస్తోంది.

“అయిపోయిందమ్మా” అన్నాడు తిమోతి మెల్లగా.

“అది కాదండీ చిన్నయ్యగారూ” అంది. “మావాడిది చదవండి.”

“ఇదేనమ్మా ఏసుపాదానిది” అని మళ్ళీ చదివాడు, ఈసారి ఇంకా నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి.

ఆవిడ షెడ్డు ఆడవాళ్ళ వైపు చూసింది. వాళ్ళు తలలు దించుకున్నారు. మతి చలించిందేమో అనుకున్నాం మేం. ఆవిడ అయ్యగారి వైపు తిరిగింది. “అయ్యగారూ, మావాడు అన్నది ఇది కాదండీ. ఇందులో గో లేదండీ. కమ్ లేదండీ.”

తిమోతి మొహంలో నెత్తురు చుక్క లేదు.

అయ్యగారు కర్ర పక్కన పెట్టారు. మోకాళ్ళు పట్టేసి ఉన్నాయి, అయినా ఎలాగో కిందికి వంగి కూర్చున్నారు. వణికే చేత్తో రాయి తడిమారు. వేలు అక్షరాల మీద పెట్టి జరుపుతూ, మాకందరికీ వినపడేలా అన్నారు.

“మదర్. ఐ గో అండ్ కమ్.”

సంతోషమ్మ నోరు తెరిచి గాలి పీల్చుకుంది. ఆ వెంటనే, పొయ్యి దగ్గర్నుంచి అన్నట్టే అంది.

“గో అండ్ కమ్, నాన్నా. జాగర్తగా వెళ్ళిరా.”

అని రాయి మీద పడిపోయింది. షెడ్డు ఆడవాళ్ళు ఒక్కసారిగా గొల్లుమన్నారు. మగవాళ్ళం మొహాలు తిప్పుకున్నాం. చిన్నయ్యగారు కంగారులో ఇంకేదో చదివేశారని, పెద్దయ్యగారు కళ్ళు లేకపోయినా సరిగ్గా చదివారని చెప్పుకుంటూ ఇళ్ళకొచ్చాం.

అందరూ వెళ్ళాక తిమోతి అయ్యగారి చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. చర్చి మెట్ల దగ్గర ఆగాడు.

“అయ్యగారూ, రాయి మీద లేనిది చదివారు.”

“అవున్రా.”

“అబద్ధం కదండీ.”

“అవును. ఈ వయసులో నా చేత అబద్ధం ఆడించావు.” మెట్టు మీద కూర్చున్నారు. “ఆమెకి వినిపించావా?”

“లేదండీ” అంటూ తిమోతి కింది మెట్టు మీద కూలబడ్డాడు. “ఆ మాట తప్పండీ. చూసినవాళ్ళు నవ్వుతారు. వాడి మీద నవ్వుతారు. అది నాకిష్టం లేక” అన్నాడు.

అయ్యగారు అతని భుజం మీద చెయ్యి వేశారు. కోప్పడలేదు.

“ఆమె ఆ మాటకి జవాబు చెప్పుకుంటోందిరా. నువ్వు చెక్కించినదానికి ఏం జవాబు చెప్పాలి? అది కూడా నువ్వే నేర్పించు మరి.”

తిమోతి ఆ రోజు అన్నం ముట్టలేదు.

అప్పట్నుంచి సంతోషమ్మ రోజూ పనికెళ్ళే ముందు దొడ్లోకి వచ్చేది. తిమోతి తన గది కిటికీలోంచి చూసేవాడు. రాయి ముందు గొంతుక్కూర్చుని అక్షరాల మీద వేలు పెట్టి జరిపేది. పెదాలు కదిలేవి. తరవాత ఏదో అని, లేచి టిఫిను డబ్బా పట్టుకుని షెడ్డుకి పోయేది. చూసినప్పుడల్లా అతనికి గుండె మీద ఎవరో కూర్చున్నట్టుండేది. చెబుదామని బయల్దేరేవాడు, గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చేవాడు. చెబితే ఆవిడ ఏమైపోతుందో! చెప్పకపోతే ఎన్నాళ్ళు?

ఒకరోజు ఆవిడే పిలిచింది.

“చిన్నయ్యగారూ, ఒకసారి ఇలా రండీ.”

వెళ్ళాడు. అయ్యగారు అప్పుడే పూలమొక్కలకి నీళ్ళు పోసుకుంటూ కాస్త దూరంలో ఉన్నారు.

“నాకు అక్షరం ముక్క రాదు గదండీ” అంది సంతోషమ్మ. “ఇందులో ‘కమ్’ ఎక్కడుందో కాస్త చూపించండి. ‘గో’ అక్కర్లేదు. ‘కమ్’ ఒక్కటీ తెలిస్తే చాలు. దాని మీదే చెయ్యి పెట్టుకుని కూర్చుంటాను.”

తిమోతి రాయి వంక చూశాడు. వెతికితే దొరుకుతుందన్నట్టు ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. తరవాత అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు మొక్కల వైపు తిరిగే ఉన్నారు. ఈసారి ఆయన రాలేదు.

తిమోతి మట్టిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“ఇందులో లేదమ్మా.”

“ఏది?”

“కమ్ లేదు. గో కూడా లేదు. మీరు చెప్పిన మాట నేను రాయించలేదు. ఆ రోజు అయ్యగారు మీ కోసం అలా చదివారు. ఇక్కడున్నది వేరు.”

ఆవిడ రాయి మీంచి చెయ్యి తీసేసింది. “మరేముంది?”

చెప్పక తప్పలేదు. ఇంగ్లీషులో చెక్కించినదాన్ని, ఆ తల్లి మొహంలోకి చూస్తూ తెలుగులో చెప్పాల్సి వచ్చింది. “ఇక సెలవమ్మా అని. నేను వెళ్ళిపోయాను అని.”

షెడ్డు సైరన్ మోగింది. ఆవిడ కదల్లేదు.

“వాడు గడప దగ్గర పోతానని ఎప్పుడూ అనలేదండీ” అంది. “కోపమొచ్చి అన్నం తినకుండా వెళ్ళినప్పుడు కూడా అనలేదు. మరి ఇప్పుడు అలా అన్నాడా?”

“వాడనలేదమ్మా” అన్నాడు తిమోతి. “నేనన్నాను.”

సంతోషమ్మ అతన్ని తిట్టలేదు. తిడితే బాగుండేదని తరవాత అతనే చెప్పుకున్నాడు. భుజం మీది కొంగు తీసి, చలికి పిల్లాడికి కప్పినట్టు, ఆ రాయి మీద అక్షరాలు కనపడకుండా కప్పింది. కప్పి, కొంగు రెండు చేతులా పట్టుకుని అలాగే కూర్చుంది.

అప్పుడొచ్చారు అయ్యగారు. “కొత్త రాయి తెప్పిద్దామా సంతోషమ్మా?” అని అడిగారు.

“వద్దయ్యగారూ. దీన్ని పెకలించాలంటే గునపాలేస్తారు. వాడి నెత్తిన మళ్ళీ ఆ దెబ్బలు వద్దు.”

అయ్యగారు తలూపి ఇంట్లోకి వెళ్ళారు. ఎంతసేపటికో చేతిలో సత్తుగిన్నెతో వచ్చారు. గిన్నెలో తెల్ల సిమెంటు. తనే నీళ్ళు పోసి కలిపినట్టున్నారు, లాల్చీ నిండా మరకలు. గిన్నె తిమోతి చేతిలో పెట్టారు.

తిమోతి కూర్చుని ఒక్కో అక్షరాన్ని వేలితో పూడ్చాడు. ఏరి ఏరి రాసుకున్న మాటలు. ‘ఫేర్‌వెల్’ పూడ్చాడు, ‘బిలవెడ్’ పూడ్చాడు. రాతి అంచు గీసుకుని వేలి చివర నెత్తురొచ్చింది. వేలు మార్చి పూడ్చాడు. పేరొక్కటే మిగిలింది.

మర్నాడు అది ఆరాక, పైన సున్నం వేసి, కుంచె నల్లరంగులో ముంచి, సంతోషమ్మ వైపు చూశాడు.

“చెప్పండమ్మా.”

“మదర్” అంది ఆవిడ.

రాశాడు.

“ఐ గో అండ్ కమ్.”

ఆవిడ ఎలా అంటే అలాగే రాశాడు. ఆ తరవాత కుంచె కింద పెట్టకుండా, అయ్యగారు ఏనాడో చెప్పిన పని చేశాడు. రాసింది ఆవిడకి చదివి వినిపించాడు.

ఆవిడ ‘కమ్’ మీద చెయ్యి పెట్టబోయింది. రంగు తడిగా ఉందని ఆగింది.

చెక్కిన అక్షరం కాదు కదా, నిలవదు. వాన కొడితే కారిపోయేది, ఎండ కాస్తే పెచ్చులూడేది. కారినప్పుడల్లా తిమోతి డబ్బా, కుంచె పట్టుకుని వెళ్ళేవాడు. మళ్ళీ రాసేవాడు, మళ్ళీ వినిపించేవాడు. ఒకసారి తుపాను వెలిసీ వెలియకముందే గొడుగు పట్టుకుని వెళ్ళి కూర్చుంటే మేమే మందలించి తీసుకొచ్చాం. సంతోషమ్మ అతనితో ఎక్కువ మాట్లాడేది కాదు. పక్కన కూర్చుని కుంచె ఎటు తిరుగుతోందో చూసేది. మిగతా రాళ్ళ మీద మాటలు దిద్దే పని అతను మానలేదు. దిద్దేవాడు. కానీ ఇప్పుడు ఎవరు వచ్చినా ముందు కూర్చోబెట్టి, “ఆయన్ని మీరేమని పిలిచేవాళ్ళు? ఆఖర్న ఏమన్నారు?” అని అడిగేవాడు. దిద్దింది వినిపించి, వాళ్ళ మొహం చూసేవాడు. మొహం బాలేకపోతే కొట్టేసి మళ్ళీ రాసేవాడు.

తిమోతికి అభిషేకమై ఆదిలాబాదు వైపు ఒక సంఘానికి వేశారు. ప్రయాణం నాడు పెట్టె బస్టాండుకి పంపించి, డబ్బా, కుంచె తీసుకుని దొడ్లోకి వచ్చాడు, వెళ్ళే ముందు ఒకసారి రాసి పోదామని. అయ్యగారు అతని భుజం పట్టుకుని కూడా వచ్చారు. అప్పటికి ఆయనకి చూపు పూర్తిగా పోయింది.

రాయి ముందు సంతోషమ్మ కూర్చుని ఉంది. చేతిలో కుంచె ఉంది. రాయి మీద రంగు తడిగా మెరుస్తోంది. ఇన్నాళ్ళూ పక్కన కూర్చుని చూసి చూసి, తనే రాసేసింది. గీతలు వంకరలు పోయాయి. ఒక మాట పైకి, ఒక మాట కిందికి. ‘కమ్’లో మొదటి అక్షరం అటుది ఇటు తిరిగిపోయింది.

“ఇక మీరుండరు గదండీ చిన్నయ్యగారూ” అంది, తప్పు చేసినదానిలా.

“ఎవరు, సంతోషమ్మే రాసిందా?” అన్నారు అయ్యగారు. “నాకు కనపడి చావదు. చూడరా తిమోతీ, తప్పులేమైనా ఉన్నాయా?”

తిమోతి ఆ తిరగబడ్డ అక్షరం వంక చూశాడు. అతని చేతిలో కుంచె ఉంది. డబ్బాలో రంగుంది.

“ఏమీ లేవండీ” అన్నాడు.

రాయి మీదున్నది పైకి చదివాడు. సంతోషమ్మ ఎప్పటిలాగే రాయికి జవాబు చెప్పుకుంది. డబ్బా ఆవిడ పక్కన పెట్టి, ఆవిడ కాళ్ళ దగ్గర కాసేపు నిలబడ్డాడు.

“వెళ్ళొస్తానమ్మా.”

ఆవిడ తలెత్తి చూసింది. చాలాసేపు చూసింది. కుంచె కింద పెట్టింది.

“గో అండ్ కమ్, నాన్నా” అంది.

తిమోతి మరి అక్కడ నిలబడలేకపోయాడు. మొహం చేతుల్లో దాచుకుని గేటు దాకా నడిచాడు. అక్కడ ఆగిపోయి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అయ్యగారు కర్ర తాటించుకుంటూ వచ్చి, తడుముకుని అతని చెయ్యి పట్టుకున్నారు. బస్టాండు దాకా ఇద్దరూ అలాగే నడిచారు. బస్సెక్కేటప్పుడు మాత్రం చెయ్యి వదలకుండా అన్నారు.

“వెళ్ళొస్తానన్నావు కదరా. రావాలి మరి.”